టెస్లాను పెంచింది ఎవరి ఆశయం?

ఇలాన్ మస్క్ గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో, వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో, కాలేజీ సెమినార్లలో ఒక వాదన ఎదురులేకుండా చెలామణి అవుతోంది. ఆయనకు డబ్బు యావ లేదు, భూగోళాన్ని పెట్రోలు చెర నుంచి విడిపించాలన్న తపన ఒక్కటే ఉంది, ఆ తపనే ఒక అనామక కంపెనీని ప్రపంచంలో అత్యంత విలువైన కార్ల కంపెనీగా పెంచింది అన్నది దాని సారాంశం. ఇంతటితో ఆగితే వీరపూజ అనుకుని వదిలేయవచ్చు, మనకదేమీ కొత్త కాదు. కానీ అది అక్కడ ఆగదు. అంత పెద్ద ఆశయం మోస్తున్న మనిషిని మామూలు కంపెనీ అధిపతిలా లెక్కలడగడం చిన్నతనమని, అడిగిన వాటా అడిగినప్పుడు ఇచ్చేయడమే విజ్ఞత అని ఇంకో మెట్టెక్కుతుంది. 2025 నవంబరు 6న టెస్లా వాటాదారులు 75 శాతానికి పైగా ఓట్లతో ఆయనకు లక్ష కోట్ల డాలర్ల దాకా విలువ చేరగల షేర్ల ప్యాకేజీని ఆమోదించారు. ఆ ఓటు వెనక లాభాల ఆశతో పాటు ఈ నమ్మకమూ ఉంది. నేను దీన్ని ఒప్పుకోను. టెస్లా ఎదుగుదలకు వ్యవస్థాపకుడి ఆశయం కారణం కాదు. ఆశయం గురించి చెప్పిన కథ మాత్రం భేషుగ్గా పనికొచ్చింది, మొదట పెట్టుబడి తేవడానికి, తర్వాత పెత్తనం నిలుపుకోవడానికి. ఈ రెంటికీ తేడా చూడకపోవడం వల్లే ఒక కంపెనీ చరిత్రను ఒక మనిషి మనసు చరిత్రగా చదువుకుంటున్నాం.

ముందు పుట్టుక సంగతి. టెస్లాను 2003 జులైలో మొదలుపెట్టింది మార్టిన్ ఎబర్‌హార్డ్, మార్క్ టార్పెనింగ్ అనే ఇద్దరు కాలిఫోర్నియా ఇంజినీర్లు. మస్క్ వచ్చింది 2004 ఫిబ్రవరిలో, 75 లక్షల డాలర్ల తొలి విడత పెట్టుబడిలో సుమారు 65 లక్షలు తాను పెట్టి, ఛైర్మన్ హోదాలో. 2007లో ఎబర్‌హార్డ్‌ను సీఈఓ పదవి నుంచి తప్పించారు. 2008 అక్టోబరులో మస్క్ స్వయంగా ఆ కుర్చీలో కూర్చున్నారు. మరుసటేడాది ఎబర్‌హార్డ్ కోర్టుకెక్కితే, మస్క్‌తో సహా ఐదుగురు తమను సహ వ్యవస్థాపకులుగా చెప్పుకోవచ్చన్న రాజీతో ఆ తగువు ముగిసింది. కాబట్టి ఆయన వ్యవస్థాపక హోదాయే రాజీలో తేలిన సంగతి. ఇది పేరు కోసం జరిగిన చిల్లర పేచీలా కనిపిస్తుంది గానీ, మన చర్చకు చాలా అవసరం. ఎందుకంటే కారు ఆలోచన ఆయన ఆశయం కన్నా ముందే అక్కడ ఉంది. 1990లో జనరల్ మోటార్స్ ఇంపాక్ట్ అనే విద్యుత్ కారు నమూనాను చూపించింది. అదే ఏడాది కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు, కంపెనీలు పొగలేని కార్లు కొంత శాతం అమ్మి తీరాలని నిబంధన పెట్టింది. ఇంపాక్ట్ నుంచి వచ్చిన ఈవీ1 కార్లను నిబంధన సడలాక జనరల్ మోటార్స్ వెనక్కి లాక్కుని చాలావాటిని తుక్కు చేసింది. ఇంపాక్ట్‌కు ఎలక్ట్రానిక్స్ రూపొందించిన అలన్ కొకోనీ ఏసీ ప్రొపల్షన్ అనే చిన్న కంపెనీలో టీజీరో అనే కారు తయారుచేశారు. టెస్లా తొలి కారు రోడ్‌స్టర్ ఆ టీజీరో సాంకేతికతను లైసెన్సు మీద తీసుకుని, బ్రిటన్ లోటస్ కంపెనీ ఛాసిస్ ఆధారంగా పుట్టింది. అంటే ఈ వంశవృక్షానికి వేరు ఒక ప్రభుత్వ బోర్డు పెట్టిన నిబంధనలోనూ, పేరు పెద్దగా వినబడని ఇంజినీర్ల పనిలోనూ ఉంది.

ఆ రోడ్‌స్టర్ బ్యాటరీ పెట్టెను విప్పి చూడండి. లోపల 6,831 సెల్స్. ఒక్కోటి 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, చూపుడు వేలంత, ఆనాటి లాప్‌టాప్‌లలో వాడిన సరుకే. 621 సెల్స్‌ను ఒక పలకగా పేర్చి, అలాంటి పలకలు 11 నిలబెట్టి, వాటి మధ్య నుంచి గ్లైకాల్ కలిపిన నీటి గొట్టాలు తిప్పారు. వేలాది సెల్స్‌లో ఏ ఒక్కటి వేడెక్కి అంటుకున్నా ఆ మంట పక్కదానికి పాకకూడదు. మొత్తం కారులో అసలు ప్రయోగం అది. టెస్లా సాంకేతిక విభాగాన్ని నడిపిన స్ట్రౌబెల్ బృందం ఈ పని మీద ఏళ్ల తరబడి కూర్చుంది. ఆ సెల్స్ అంత చౌకగా దొరకడానికి కారణం మళ్లీ వేరు: 1991లో సోనీ లిథియం అయాన్ సెల్‌ను మార్కెట్లోకి తెచ్చిన నాటి నుంచి జపాన్ కంపెనీలు కామ్‌కార్డర్లకు, లాప్‌టాప్‌లకు వాటిని కోట్ల సంఖ్యలో చేస్తూ ధర దించుకుంటూ వచ్చాయి. వాళ్లెవరూ భూమిని కాపాడటానికి చేయలేదు. వ్యాపారానికి చేశారు. ఆ చౌక సెల్ లేకపోతే 2008లో ఎంత ఆశయం ఉన్నా ఆ కారు రోడ్డెక్కేది కాదు.

ఇక డబ్బు. టెస్లా మహాత్మ్యం చెప్పేవాళ్లు 2008 డిసెంబరు గురించి తప్పకుండా చెబుతారు. కంపెనీ చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో మస్క్ తన సొంత డబ్బు కుమ్మరించి క్రిస్మస్ ముందురోజు కొత్త పెట్టుబడి విడతను గట్టెక్కించడం నిజమే, తెగువే. అయితే కథ అక్కడితో ఆపేయడం సౌకర్యం కోసం. 2009 మేలో జర్మనీ కార్ల దిగ్గజం డైమ్లర్ 5 కోట్ల డాలర్లు పెట్టింది. 2010 జనవరిలో అమెరికా ఇంధన శాఖ 46.5 కోట్ల డాలర్ల రుణం ఖాయం చేసింది. మోడల్ ఎస్ అనే అసలైన కారును కర్మాగారంలో నిలబెట్టింది ఈ సొమ్మే. అదే ఏడాది షేర్ మార్కెట్‌కు వెళ్లినప్పుడు వచ్చింది సుమారు 22.6 కోట్లు, అంటే ప్రభుత్వ రుణంలో సగానికి కూడా తక్కువ. కర్మాగారమైనా కొత్తగా కట్టింది కాదు. భారతీయ కుటుంబాలు, వాళ్లలో మన తెలుగువాళ్లూ, పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్, టయోటా ఉమ్మడిగా పాతికేళ్లు నడిపి మూసేసిన ప్లాంటు అది. 4.2 కోట్ల డాలర్లకు చేతికొచ్చింది. తర్వాత 2016లో మోడల్ 3 చూపించగానే తొలి వారంలోనే 3,25,000 మంది తలా వెయ్యి డాలర్లు కట్టి బుక్ చేసుకున్నారు. కారు చేతికి రావడానికి ఏడాది పైన ఉండగానే జనం వడ్డీ లేకుండా ఇచ్చిన పెట్టుబడి అది.

అన్నిటికన్నా గమనించాల్సింది క్రెడిట్ల లెక్క. కాలిఫోర్నియాలోనూ మరికొన్ని చోట్లా కార్ల కంపెనీ తన కోటా మేరకు పొగలేని కార్లు అమ్మలేకపోతే, అమ్మినవాళ్ల దగ్గర నుంచి క్రెడిట్లు కొనుక్కోవాలి. టెస్లా అమ్మే ప్రతి కారూ పొగలేనిదే కాబట్టి దానికి ఈ క్రెడిట్లు ఊరికే పోగుపడతాయి. అమ్మడానికి తయారీ ఖర్చు దాదాపు లేదు, వచ్చింది వచ్చినట్టు లాభం. టెస్లా చరిత్రలో మొట్టమొదటి లాభదాయక త్రైమాసికం 2013లో మొదటిది. లాభం కోటీ పది లక్షల డాలర్లు. ఆ మూడు నెలల్లో కాలిఫోర్నియా తరహా క్రెడిట్ల అమ్మకం మీద వచ్చింది దాదాపు 6.8 కోట్ల డాలర్లు. అంటే అవి లేకపోతే అది నష్టం. మొదటిసారి పూర్తి ఏడాది లాభం చూసిన 2020లోనూ ఇదే తంతు: నికర లాభం సుమారు 72 కోట్లు, క్రెడిట్ల ఆదాయం 158 కోట్లు. సొమ్మొకడిది, సోకొకడిది అనడం ఇక్కడ కాస్త కటువుగా ఉంటుందేమో గానీ అబద్ధమైతే కాదు. ఆ క్రెడిట్లు దానం కాదని, చట్టం అందరికీ ఒకటేనని టెస్లా పక్షం అంటుంది. సరే, దానం కాదు. చట్టమే. నేను చెప్పేదీ అదే: ఈ ఎదుగుదలను సాధ్యం చేసిన చట్టాన్ని ఒక మనిషి హృదయంలో పుట్టిన తపనగా మార్చి చెప్పకండి.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి వస్తుంది. చట్టం, రుణం అందరికీ అందాయి కదా, మరి అందరూ టెస్లాలు ఎందుకు కాలేదు? ఫిస్కర్ అనే కంపెనీకి అదే ప్రభుత్వ పథకం కింద 52.9 కోట్ల డాలర్ల రుణం మంజూరైంది, అందులో దాదాపు 19 కోట్లు తీసుకున్నాక 2013లో దివాలా తీసింది. నిస్సాన్, ఫోర్డ్‌లకు టెస్లా కన్నా ఎన్నో రెట్లు పెద్ద రుణాలు దక్కాయి. అయినా గెలిచింది టెస్లా. కాబట్టి తేడా నాయకుడిలోనే ఉందంటారు. ఈ వాదనలో సగం నేను ఒప్పుకుంటాను. తేడాలో నాయకత్వానికి పెద్ద పాలే ఉంది. మార్కెట్‌ను నమ్మించి పెట్టుబడి రాబట్టడంలో మస్క్‌ను మించినవాళ్లు ఈ తరంలో లేరు. డీలర్లను పక్కనపెట్టి నేరుగా అమ్మడం, ఛార్జింగ్ కేంద్రాల వల తానే పరచడం, సాఫ్ట్‌వేర్‌ను కారు గుండెలో పెట్టడం, 2019 జనవరిలో షాంఘైలో పునాది తవ్వి ఆ ఏడాది చివరికే కార్లు బయటికి తేవడం, ఇవన్నీ సామర్థ్యం ఉన్న యాజమాన్యం చేసిన పనులు. కానీ సామర్థ్యం వేరు, ఆశయం వేరు. తేడా ఆశయంలో ఉందని నిరూపించాలంటే ఓడిపోయినవాళ్ల ఆశయం తక్కువదని చూపించాలి. అది సాధ్యం కాదు.

షాయ్ అగాసి ఉదంతమే చూడండి. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్‌ఏపీలో అత్యున్నత పదవికి చేరువలో ఉన్న ఆయన దాన్ని వదిలేసి 2007లో బెటర్ ప్లేస్ అనే కంపెనీ పెట్టారు. ప్రపంచాన్ని చమురు నుంచి విడిపించడమే పని అని మొదటి రోజు నుంచి చెప్పారు. స్టేషన్లలో బ్యాటరీలు మార్చుకునే వ్యవస్థ కోసం 80 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి సమీకరించారు. ఇజ్రాయెల్‌లో సేవలు మొదలుపెట్టిన ఆ కంపెనీ అనుకున్నన్ని కార్లు అమ్మలేక, 2013 మేలో దివాలా తీసింది. ఆయన ఆశయంలో లోపం ఎవరైనా చూపించగలరా? లోపం లెక్కల్లో ఉంది: ఒకే కంపెనీ కారు మోడల్ మీద ఆధారపడ్డారు, ఒక్కో స్టేషన్ ఖర్చు అనుకున్నదాన్ని దాటిపోయింది, ఇతర తయారీదారులు కలిసిరాలేదు. మరోపక్క వాంగ్ చువాన్‌ఫు. 1995లో షెన్‌జెన్‌లో ఫోన్ బ్యాటరీలు చేయడానికి బీవైడీ పెట్టారు, 2003లో కార్ల రంగంలోకి దిగారు. ఆయన గురించి ప్రపంచాన్ని ఉద్ధరించే కథలేవీ మన దగ్గర చెలామణిలో లేవు, ఆయన ముఖం మన యువతకు తెలియదు. 2011లో ఒక టీవీ ఇంటర్వ్యూలో బీవైడీ పేరెత్తగానే మస్క్ పకపకా నవ్వారు. 2025లో పూర్తి విద్యుత్ కార్ల అమ్మకాల్లో బీవైడీ సుమారు 22.5 లక్షలతో టెస్లాను దాటిపోయింది. టెస్లావి 16.4 లక్షల లోపు. బీవైడీకి చైనా ప్రభుత్వం చేసిన సాయం తక్కువేమీ కాదు, దాన్నీ ఎవరూ పుణ్యకార్యంగా చూడనక్కర్లేదు. తిరుపతి నుంచి తిరుమల కొండెక్కుతున్న హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా బస్సుల్లో బీవైడీ సాంకేతికత ఉంది. ఘాట్ రోడ్డు మీద ఆ బస్సు ఎక్కే భక్తుడు వాంగ్ చువాన్‌ఫు జీవిత లక్ష్యం ఏమిటని అడగడు. బస్సు కొండెక్కుతుందా, దిగేటప్పుడు బ్రేకు పడుతుందా అన్నదే చూస్తాడు, సరిగ్గానే చూస్తాడు.

ఇంకో చిక్కు ఉంది. టెస్లా 2023లో 18.1 లక్షల కార్లు అందజేసింది. 2024లో 17.9 లక్షలకు, 2025లో 16.4 లక్షల లోపుకి దిగింది. వరుసగా రెండేళ్లు తగ్గుదల. ఆశయం తగ్గిందని ఆయన చెప్పలేదు, అభిమానులూ చెప్పడం లేదు. పెరుగుదలకు ఆశయమే కారణమైతే తగ్గుదలకు ఏది కారణం? పెరిగినప్పుడు ఆశయం ఖాతాలోనూ, తగ్గినప్పుడు వడ్డీ రేట్లు, చైనా పోటీ, పాత మోడళ్ల ఖాతాలోనూ రాసుకుంటే అది లెక్క కాదు, స్తోత్రం. పోటీ, ధర, మోడళ్లు పతనాన్ని వివరించగలిగితే అవే ఎదుగుదలనూ వివరించగలవు.

మనిషి మనసులోకి తొంగిచూసే యంత్రం ఎవరి దగ్గరా లేదు కనుక, నిజాయితీగా చూసే దారి ఒకటే: ప్రకటించిన ఆశయం ఒకవైపు, సొంత పెత్తనం మరోవైపు లాగిన సందర్భాల్లో ఆయన ఎటు నిలబడ్డారు? 2014లో టెస్లా పేటెంట్లను సదుద్దేశంతో వాడుకునేవాళ్ల మీద దావా వేయబోమని ప్రకటించడం ఆశయం వైపు నిలబడిన ఉదాహరణగా చెబుతారు. ఒప్పుకుందాం, వాడుకునేవాళ్లు తిరిగి టెస్లా మీద పేటెంటు దావా వేయకూడదన్న షరతు కూడా ఉందని గుర్తుపెట్టుకుంటూనే. ఇక 2024కు రండి. అమెరికాలో విద్యుత్ కార్లకు సబ్సిడీ ఉండాలా వద్దా అన్న చర్చలో ఆ జులైలో ఆయన, సబ్సిడీలు తీసేయండి, దానివల్ల టెస్లాకు మేలే అని ఎక్స్‌లో రాశారు. అదే నెల మదుపుదారులతో మాట్లాడుతూ సబ్సిడీ పోతే పోటీదారులు చితికిపోతారు, టెస్లాకు తగిలేది కొద్దిగానే, దీర్ఘకాలంలో అది టెస్లాకే కలిసొస్తుందన్నారు. కంపెనీ అధిపతిగా ఇది పూర్తిగా సమంజసమైన లెక్క. కానీ అప్పట్లో టెస్లా రాసిపెట్టుకున్న ఆశయం ప్రపంచం మొత్తాన్ని సుస్థిర ఇంధనం వైపు త్వరగా నడిపించడం. మిగతా విద్యుత్ కార్ల కంపెనీలు చితికిపోవడం ఆ ప్రయాణాన్ని ఎలా త్వరపరుస్తుందో నాకు బోధపడదు. సబ్సిడీలంటే ఆయనకు సిద్ధాంతరీత్యా పడదని సమర్థకులు అంటారు. సిద్ధాంతం టెస్లా అవసరాలు తీరాక గుర్తొచ్చిందన్నది తేదీలు చెబుతున్న నిజం.

అదే ఏడాది ఏప్రిల్ ఆఖర్లో ఛార్జింగ్ కేంద్రాల విభాగంలో దాదాపు 500 మందిని, దాని అధిపతితో సహా, ఒక్క దెబ్బతో తీసేశారు. అంతకు దాదాపు ఏడాది ముందే ఫోర్డ్, జనరల్ మోటార్స్ తమ కార్లకు టెస్లా ప్లగ్గునే పెట్టుకుంటామని ఒప్పుకున్నాయి. అంటే టెస్లా చేసిన పనుల్లో పోటీదారుల కొనుగోలుదార్లకు కూడా నేరుగా ఉపయోగపడేది, ఆశయానికి అందరికన్నా దగ్గరగా పనిచేసేది ఆ విభాగమే. తర్వాత కొందరిని తిరిగి పిలిచారు కూడా. ఆ జనవరిలోనే ఇంకో ప్రకటన: టెస్లాలో తనకు దాదాపు 25 శాతం ఓటు హక్కు లేకపోతే కృత్రిమ మేధ, రోబోల రంగంలో దాన్ని అగ్రస్థానానికి తీసుకెళ్లడం తనకు ఇబ్బందని, అలా కాకపోతే ఆ ఉత్పత్తులు టెస్లా బయట చేసుకుంటానని. ఆయన వాటా అంత తగ్గింది ఎవరి వల్ల? 2022లో ట్విటర్ కొనడానికి స్వయంగా టెస్లా షేర్లు భారీగా అమ్ముకోవడం ఒక ముఖ్య కారణం. తన చేత్తో అమ్మిన పట్టును కంపెనీ ఖర్చుతో తిరిగి అడగడం, ఇవ్వకపోతే పని బయటికి పోతుందనడం, ఇది ఆశయం మాట్లాడే భాషలా వినిపిస్తోందా? నాకు మాత్రం వాటాల బేరంలాగే వినిపిస్తోంది. బేరమాడటం నేరం కాదు. బేరాన్ని బేరమని పిలవనివ్వకపోవడమే అభ్యంతరం.

పాత వేతన ప్యాకేజీ వ్యవహారంలో ఈ గుట్టు కోర్టులోనే బయటపడింది. 2018లో టెస్లా బోర్డు ఆయనకు దశలవారీ లక్ష్యాలతో గరిష్ఠంగా 5,580 కోట్ల డాలర్ల విలువ చేసే ప్యాకేజీ ఇచ్చింది. లక్ష్యాలు చేరకపోతే పైసా రాదు కాబట్టి ఇది న్యాయమైనదేనని సమర్థకుల మాట. వినడానికి బాగుంది. 2024 జనవరి 30న డెలావేర్ న్యాయమూర్తి కాథలీన్ మెక్‌కార్మిక్ దాన్ని రద్దు చేస్తూ లేవనెత్తిన ప్రశ్న సూటిది: అప్పటికే కంపెనీలో 21.9 శాతం వాటా ఉన్న మనిషిని నిలుపుకోవడానికి, పని చేయించడానికి ఇంత ఇవ్వాల్సిన అవసరం ఉందా అని బోర్డు ఎప్పుడైనా అడిగిందా? ఆయనతో దగ్గరి బంధాలున్న బోర్డు అడగలేదని ఆమె తేల్చారు. 2025 డిసెంబరులో డెలావేర్ సుప్రీంకోర్టు, మొత్తంగా రద్దు చేయడం తగిన పరిష్కారం కాదంటూ ప్యాకేజీని పునరుద్ధరించింది. చట్టం దృష్టిలో ఆ వివాదం అక్కడ ముగిసింది. తర్కం దృష్టిలో ముగియలేదు. డబ్బు కోసం కాదు, ఆశయం కోసమే పనిచేస్తున్నారన్నది నిజమైతే ఆయన్ని కదిలించడానికి ప్యాకేజీ అక్కర్లేదు. ప్యాకేజీ లేకపోతే శ్రద్ధ తగ్గుతుందన్నది నిజమైతే ఆశయమే నడిపిస్తోందన్న మాట అబద్ధం. రెండు వాదనలనూ ఒకే నోటితో, ఒకే ఓటు కోసం వాడుకుంటూ వచ్చారు. వాటాదారులు రెంటినీ నమ్మారు.

ఆశయం ఏదైతేనేం, ఫలితం బాగుంది కదా, పెద్ద కంపెనీలన్నీ టెస్లా దెబ్బకే విద్యుత్ బాట పట్టాయి కదా అనేవాళ్లున్నారు. ఇది ఆక్షేపణల్లో అన్నిటికన్నా గౌరవించదగ్గది, నిజం కూడా. కానీ ఇది నా వాదనకే బలం. ఫలితమే ముఖ్యమైతే ఆశయాన్ని సాక్ష్యంగా పిలవడం మానేయండి, ఆశయం పేరిట మినహాయింపులు అడగడం మానేయండి, అందరిలాగే ఫలితాల లెక్క చూడండి. ఇక మస్క్‌ను వట్టి అత్యాశాపరుడని, మోసగాడని కొట్టిపారేసే వర్గం కూడా భక్తుల్లాగే మనసు చదువుతోంది, భావం ఒక్కటే తలకిందులైంది. ఆ వర్గంతోనూ నాకు పని లేదు.

ఈ కథ మన దగ్గర దిగుమతై ఎలా ఆడిందో ఓలా ఎలక్ట్రిక్‌లో చూశాం. 2021 ఆగస్టు 15న, పంద్రాగస్టు చూసుకుని మరీ, స్కూటర్ విడుదల చేశారు. 2025 తర్వాత దేశంలో పెట్రోలు ద్విచక్ర వాహనం అమ్మకూడదన్న మహాసంకల్పం వ్యవస్థాపకుడు భవీష్ అగర్వాల్ నోట వచ్చింది. 2024 ఆగస్టులో రూ.76 ధరకు ఐపీవో, రూ.6,145 కోట్ల సమీకరణ. రెండు నెలలు తిరక్కుండా, ఏడాది కాలంలో వచ్చిన 10,644 ఫిర్యాదుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. 99 శాతానికి పైగా పరిష్కరించామని కంపెనీ జవాబు. స్టాక్ ఎక్స్ఛేంజీలకన్నా ముందు ఎక్స్‌లో సమాచారం పెట్టినందుకు 2025 జనవరిలో సెబీ హెచ్చరించింది. ఆ ఫిబ్రవరిలో 25,000 అమ్మామని కంపెనీ ప్రకటిస్తే వాహన్ పోర్టల్లో రిజిస్ట్రేషన్లు 8,600 దరిదాపుల్లో తేలాయి. ఒకప్పుడు సగం మార్కెట్ చేతిలో ఉన్న కంపెనీని టీవీఎస్, బజాజ్, ఏథర్ దాటిపోయాయి. సర్వీస్ సెంటర్ ముందు వరసగా దుమ్ముపట్టి నిలబడ్డ స్కూటర్లకు సంకల్పం స్పేర్ పార్టుగా పనికిరాదు. ఏథర్ స్థాపకులు సన్యాసులని కాదు. ఛార్జర్‌ను విడిగా అమ్మి, స్కూటర్ ధరను కేంద్ర ప్రభుత్వ ఫేమ్ సబ్సిడీ పరిమితి లోపల చూపించిన వ్యవహారంలో ఓలాతో పాటు ఏథర్, టీవీఎస్, హీరో కూడా 2023లో కొనుగోలుదార్లకు డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. మంచి పేరున్నవాళ్లనూ, చెడ్డపేరు తెచ్చుకున్నవాళ్లనూ దారికి తెచ్చింది ప్రభుత్వ శాఖ చేసిన తనిఖీ. ఎవరి అంతరాత్మా కాదు.

మనకు ఇదంతా దూరపు సంగతి అనుకోవద్దు. 2022 జనవరిలో భారత్‌లో ప్రభుత్వంతో ఇబ్బందులున్నాయని మస్క్ ఒక్క వాక్యం రాస్తే, తెలంగాణ మంత్రిగా ఉన్న కేటీఆర్ వెంటనే మా రాష్ట్రానికి రండని ఆహ్వానించారు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రి లోకేశ్ అమెరికా వెళ్లి టెస్లా ఆర్థిక విభాగం అధిపతిని కలిసి వచ్చారు. అంతకుముందు ఏప్రిల్‌లో భారత పర్యటనకు వస్తానన్న మస్క్ టెస్లా పనుల ఒత్తిడి అంటూ వాయిదా వేసుకుని, వారం తిరిగేసరికి చైనాలో తేలారు. చివరికి 2025 జులైలో ముంబయిలో తెరుచుకున్నది షోరూమ్, కర్మాగారం కాదు. పరిశ్రమను పిలవడం మంత్రుల పనే, తప్పు పట్టను. తెలంగాణ విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ చేసింది, దానికీ కారణాలున్నాయి. అయితే పన్ను వదులుకున్నా, భూమి రాయితీ మీద ఇచ్చినా అది జనం పెట్టుబడే, టెస్లాకు అమెరికా ఇచ్చిన రుణం లాంటిదే. ఆ రుణపత్రంలో ఒక నిబంధన ఉండేది: అప్పు ముందుగా తీరకపోతే 2018 చివరి నుంచి 30 లక్షలకు పైగా టెస్లా షేర్లను చౌక ధరకు కొనుక్కునే హక్కు ప్రభుత్వానికి వస్తుంది. టెస్లా 2013 మేలోనే, గడువుకు తొమ్మిదేళ్ల ముందు, వడ్డీతో సహా అప్పు తీర్చేసింది. దాన్ని నిజాయితీకి నిదర్శనంగా మెచ్చుకున్నారు. ఆ తీర్చివేతతోనే ప్రభుత్వానికి రావాల్సిన షేర్ల హక్కు రద్దయిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులకు నా విన్నపం ఒక్కటే: రేపు ఏ విద్యుత్ వాహనాల కంపెనీ వచ్చినా, దానికిచ్చే భూమి, మాఫీ, రాయితీల ఒప్పందాన్ని సంతకానికి ముందు సభ ముందు పెట్టమని అడగండి. అందులో ఎన్ని ఉద్యోగాలు, ఏ తేదీకి, కుదరకపోతే వెనక్కి ఎంత అన్న మూడు అంకెలు లేకపోతే ఒప్పుకోకండి.